నోడ్, బన్, డీనో: జెండా పాట ధర చూసి రన్‌టైమ్ ఎంచుకోవద్దు

ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి తెచ్చిన ఏ రైతునైనా జెండా పాట గురించి అడగండి. అది పేపర్లో వచ్చే ధర, చేతికి వచ్చేది కాదు అంటాడు. మేలైన సరుకు మీద పలికిన పై ధర అది. తర్వాత తేమ, రంగు, తాలు చూసి మిగతా బస్తాలకు ఒక్కో లాటుకు ఒక్కో రేటు కడతారు. జావాస్క్రిప్ట్ రన్‌టైమ్‌ల (ఆ భాషలో రాసిన కోడ్‌ను బ్రౌజర్ బయట, సర్వర్ మీద నడిపే నోడ్, బన్, డీనో వంటివాటి) బెంచ్‌మార్క్‌లు, అంటే వేగం కొలిచిన లెక్కలు, చూసినప్పుడల్లా నాకు జెండా పాటే గుర్తొస్తుంది. 'హలో వరల్డ్' అని జవాబిచ్చే సర్వర్ సెకనుకు ఇన్ని లక్షల రిక్వెస్టులు తట్టుకుందని బార్ గ్రాఫ్ వేస్తారు. మన బస్తాలో ఉన్నది 'హలో వరల్డ్' కాదు కదా.

మాది హన్మకొండ నక్కలగుట్ట దగ్గర ముగ్గురం పనిచేసే చిన్న ఆఫీసు. అడ్తి దుకాణాలకు సాఫ్ట్‌వేర్ రాస్తాం: కాంటా లెక్క, హమాలీ, కమీషన్, చివర రైతు చేతికిచ్చే లెక్క చీటీ, అంటే తక్‌పట్టీ. సర్వర్ మొత్తం జావాస్క్రిప్టే. మాలో చిన్నవాడు ఒకరోజు టీ తాగుతూ, "అన్నా, బన్ మస్తు ఫాస్టున్నదంట, మనం గూడ మారుదామా?" అన్నాడు. "మారుదాం తమ్మీ, ముందుగాల మనం వాడే ప్యాకేజీలు ఏమేమున్నయో లెక్క తియ్యి" అన్నాను. ప్యాకేజీలంటే వేరేవాళ్లు రాసిపెట్టిన రెడీమేడ్ కోడ్ ముక్కలు. ఆ లెక్క తీస్తూ తెలుసుకున్నవే ఇక్కడ రాస్తున్నాను. వరంగల్‌లోనో కరీంనగర్‌లోనో నిజామాబాద్‌లోనో ఇలాంటి చిన్న టీమ్ నడిపేవాళ్లకూ, కాలేజీ చివరి ఏడాదిలో ప్రాజెక్టు చేసేవాళ్లకూ పనికొస్తుందని.

తొందరున్నవాళ్లకు ముందే చెప్పేస్తాను. డబ్బు లెక్కలు నడిచే సర్వర్‌కు నోడ్. ప్యాకేజీలు ఇన్‌స్టాల్ చేయడానికి, టెస్టులు నడపడానికి, చిన్న చిన్న స్క్రిప్టులకు బన్. బయటివాళ్ల కోడ్‌ను మీ మెషీన్ మీద నడపాల్సి వస్తే డీనో. సొంత సర్వర్ పెట్టుకునే ఓపిక లేని చిన్న పనికి, మన కోడ్‌ను క్లౌడ్‌ఫ్లేర్ కంపెనీ తన సర్వర్ల మీదే నడిపే సేవ, క్లౌడ్‌ఫ్లేర్ వర్కర్స్. ఎందుకిలా అన్నానో కింద చదవండి. మీ సరుకు వేరైతే మీ రేటూ వేరుగానే ఉంటుంది.

ఇంజిన్ వేరు, రైలు వేరు

కాజీపేటలో లోకో షెడ్డు చూస్తూ పెరిగినవాళ్లకు ఇంజిన్‌కూ రైలుకూ తేడా చెప్పనక్కర్లేదు. ఇక్కడా అంతే. జావాస్క్రిప్ట్ భాషను అర్థం చేసుకుని నడిపేది ఇంజిన్. క్రోమ్‌లో ఉండేది వీ8, సఫారీలో ఉండేది జావాస్క్రిప్ట్‌కోర్. ఈ ఇంజిన్‌కు ఫైల్ తెరవడం రాదు, నెట్‌వర్క్ అంటే తెలియదు, టైమర్ కూడా దానికదిగా పెట్టుకోలేదు. అవన్నీ తగిలించి ఒక రైలుగా చేసేది రన్‌టైమ్.

నోడ్ అంటే వీ8 ఇంజిన్‌కు సీ భాషలో రాసిన లిబ్‌యూవీ అనే లైబ్రరీ తోడైనది. 2009లో రయన్ డాల్ మొదలుపెట్టాడు. డీనో కూడా వీ8నే వాడుతుంది, చుట్టూ ఉన్నది మాత్రం రస్ట్ భాషలో కట్టారు. బన్ తీరు వేరు. జారెడ్ సమ్నర్ దాన్ని జావాస్క్రిప్ట్‌కోర్ మీద, జిగ్ భాషలో కట్టాడు. ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకోండి. కంపాటిబిలిటీ (ఒకదాని కోసం రాసిన కోడ్ ఇంకోదానిలోనూ నడవడం) తగాదాల్లో సగం ఇక్కడి నుంచే పుడతాయి.

డీనో కథలో నాకు నచ్చిన మలుపు ఒకటుంది. నోడ్ చేసిన రయన్ డాలే 2018లో బెర్లిన్‌లో ఒక సభలో నిలబడి, నోడ్ విషయంలో తాను చింతిస్తున్న పది సంగతులు చెప్పాడు. ప్రాజెక్టు వాడే ప్యాకేజీల పేర్లు రాసుకునే ప్యాకేజ్ డాట్ జేసన్ ఫైలూ, ఆ ప్యాకేజీలు దిగే నోడ్ మాడ్యూల్స్ ఫోల్డరూ ఆ జాబితాలో ఉన్నాయి. అవి లేకుండా కొత్తగా కడతానని డీనో తెచ్చాడు. నోడ్ అక్షరాలను అటూ ఇటూ చేస్తే వచ్చేదే డీనో. 2020 మేలో 1.0 వచ్చింది. అంతా శుభ్రంగా ఉంది, కానీ జనం పెద్దగా రాలేదు. ఎందుకంటే వాళ్లకు కావలసిన ప్యాకేజీలు ఎన్‌పీఎం అనే నోడ్ ప్యాకేజీల గిడ్డంగిలో ఉన్నాయి. చివరికి 2022 నుంచి ఎన్‌పీఎం ప్యాకేజీలకు ఒక్కొక్క తలుపే తెరుస్తూ వచ్చి, 2024 అక్టోబర్‌లో డీనో 2తో నోడ్ ప్రాజెక్టులను ఉన్నవి ఉన్నట్టు నడుపుతామనే దాకా వచ్చారు. వద్దనుకున్న ప్యాకేజ్ డాట్ జేసన్ కూడా తిరిగొచ్చింది. అత్తారింటి మీద అలిగి పోయి, సామానంతా అక్కడే ఉందని మళ్లీ వచ్చినట్టు.

బన్ మొదటి రోజు నుంచే ఆ పొరపాటు చేయలేదు. 2022లో బీటాగా వచ్చినప్పుడే 'మీ నోడ్ కోడ్ ఇక్కడా నడుస్తుంది, ఇంకా వేగంగా' అన్నది దాని మాట. 2023 సెప్టెంబర్‌లో 1.0 వచ్చింది. 1.2 నాటికి నోడ్ టీమ్ తమ కోసం రాసుకున్న టెస్టులనే తెచ్చి బన్ మీద నడుపుతూ, ఎన్ని పాసయ్యాయో లెక్క చూపించడం మొదలుపెట్టారు. పోటీ ఎక్కడుందో దీన్ని బట్టే తెలుస్తుంది. వేగం దుకాణం ముందు కట్టిన బ్యానర్ లాంటిది. లోపల కొట్లాటంతా ఎవరు నోడ్‌ను ఎంత దగ్గరగా అనుకరిస్తారన్నదే.

వేగం ఎంత మిగులుస్తుంది

చిన్న లెక్క వేద్దాం. ఒక తక్‌పట్టీ తీసే రిక్వెస్టుకు 50 మిల్లీ సెకన్లు పడుతోందనుకోండి. అందులో 45 డేటాబేస్ జవాబు కోసం ఎదురుచూసే సమయం, 5 మాత్రమే జావాస్క్రిప్ట్ పని. రన్‌టైమ్ రెండింతలు వేగమైతే ఆ 5 కాస్తా రెండున్నర అవుతుంది. మొత్తం 47.5. దుకాణంలో కూర్చున్న సేటుకు ఈ తేడా జన్మలో తెలియదు. డేటాబేస్‌లో ఒక ఇండెక్స్ వేస్తే అంతకంటే ఎక్కువ మిగులుతుంది.

వేగం కళ్లకు కనిపించే చోట్లూ ఉన్నాయి. ప్యాకేజీలు దింపుకునేటప్పుడు, టెస్టులు మళ్లీ మళ్లీ నడిపేటప్పుడు, ఒక చిన్న స్క్రిప్టు లేచి పని చేసి పడుకునేటప్పుడు. బన్ ఇన్‌స్టాల్ వేగం నిజంగానే వేరు. ఒకసారి దింపిన ప్యాకేజీని మెషీన్ మీద ఒకేచోట దాచి, లినక్స్‌లో ప్రతి ప్రాజెక్టుకూ దానికే హార్డ్‌లింక్ (మళ్లీ కాపీ చేయకుండా అదే ఫైల్‌కు ఇంకో పేరు) వేస్తుంది. పదిమంది ఒకే వైఫై పంచుకునే మా బిల్డింగ్‌లో ఇది చిన్న సుఖం కాదు. పీఎన్‌పీఎం అనే ఇన్‌స్టాల్ పనిముట్టు కూడా ఇలాంటి పనే చేస్తుంది, రన్‌టైమ్ మార్చకుండానే. ఇన్‌స్టాల్ వేగం ఒక్కటే మీ బాధ అయితే కథ అక్కడితో ముగిసినట్టే.

ఎక్కడ తెగుతుంది

'కంపాటిబుల్' అన్న మాటలో నాలుగైదు వేర్వేరు సంగతులున్నాయి. వాటిని కలిపేస్తే మోసపోతాం.

మొదటిది నోడ్ లోపలి మాడ్యూల్స్. ఫైళ్లకు ఎఫ్ఎస్, నెట్‌వర్క్‌కు హెచ్‌టీటీపీ, ఇంకా క్రిప్టో, చైల్డ్ ప్రాసెస్ వంటివి. ఇవి ముగ్గురి దగ్గరా ఉన్నాయి. పేరు ఉండటం, పని చేయడం, అచ్చం అదే వరుసలో పని చేయడం మూడూ వేర్వేరు. ఏ ఈవెంట్ ముందొస్తుంది, ఏ ఎర్రర్‌కు ఏ కోడ్ వస్తుంది, స్ట్రీమ్ ఎప్పుడు మూసుకుంటుంది అన్నవాటి మీద పదేళ్ల కింద రాసిన ప్యాకేజీలు తెలియకుండానే ఆనుకుని ఉంటాయి.

రెండోది నేటివ్ ప్యాకేజీలు, అంటే సీ ప్లస్ ప్లస్‌లో రాసిన ముక్క ఉన్నవి. బొమ్మలు చిన్నవి చేసేవి, కొన్ని డేటాబేస్ డ్రైవర్లు, ప్రింటర్‌తో మాట్లాడేవి ఇలాంటివే. వీటిలో మళ్లీ రెండు జాతులు. నోడ్ ఏపీఐ అనే స్థిరమైన పద్ధతిలో రాసినవి ఒకటి. ఆ పద్ధతికి బన్, డీనో రెండూ సపోర్ట్ ఇస్తాయి కాబట్టి వీటితో సాధారణంగా ఇబ్బంది ఉండదు. నేరుగా వీ8 లోపలి ఫంక్షన్లను పిలిచేవి రెండోరకం. బన్‌లో వీ8 లేనే లేదు. అందుకని వాళ్లు జావాస్క్రిప్ట్‌కోర్ మీద కూర్చుని వీ8 వేషం వేయాల్సి వస్తోంది. కొంతమేర వేస్తున్నారు కూడా, ఆ ఇంజినీరింగ్‌కు దండం పెట్టాలి. కానీ మీ జీతాల లెక్క ఆ వేషం మీద ఆధారపడి ఉండాలా అన్నది మీరే చూసుకోండి.

మూడోది మాడ్యూల్ పద్ధతి, అంటే ఒక ఫైల్‌లోకి ఇంకో ఫైల్ కోడ్‌ను తెచ్చుకునే తీరు. పాత రిక్వైర్, కొత్త ఇంపోర్ట్ మధ్య పంచాయితీ ఏళ్ల తరబడి నడిచింది. బన్ రెండింటినీ ఒకే ఫైల్‌లో కూడా రానిస్తుంది. నోడ్ 22.12 నుంచి రిక్వైర్‌తో కొత్త రకం మాడ్యూల్‌ను తెచ్చుకోవడానికి ప్రత్యేక ఫ్లాగ్ (కమాండ్‌తో పాటు ఇచ్చే ఆప్షన్) అక్కర్లేదు. ఈ తగాదా చల్లబడ్డట్టే.

నాలుగోది చుట్టూ ఉండే పనిముట్లు. డీబగ్గర్, ప్రొఫైలర్, సర్వర్ ఆరోగ్యం చూసే ఏజెంట్లు. ఇవి ఎక్కువగా నోడ్ లోపలి కొక్కేలకు తగిలించుకుని పనిచేస్తాయి. రాత్రి పదింటికి సర్వర్ పడిపోయినప్పుడు కావలసినవి ఇవే. ప్యాకేజీల లెక్క తీసేటప్పుడు మాత్రం ఎవరికీ గుర్తుకు రావు.

వీటిలో ఏ జాబితాలోనూ లేనిది మాకు ఎదురైంది.

పోయినసారి మిర్చి సీజన్ చివర్లో, ఒక దుకాణంలో మాత్రమే, కొత్త రన్‌టైమ్ మీద మా సర్వర్ నడిపి చూశాం. టెస్టులన్నీ పాస్. రెండు రోజులు హాయిగా నడిచింది. మూడో రోజు సేటు ఫోన్: "ఏందయ్యా ఇది, చీటీ కింద సగం వస్తలేదు. రైతు లొల్లి పెడుతున్నడు." చూస్తే పదింటిలో ఒకటో రెండో తక్‌పట్టీల్లో అడుగు వరుసలు మాయం. అంటే ఖర్చులు పోను రైతుకు వచ్చే మొత్తం ఉండే వరుసలే. మనిషికి మనిషి నమ్మకం మీద నడిచే చోట అంతకంటే పెద్ద టెన్షన్ ఉండదు.

రన్‌టైమ్‌ను తిట్టుకుంటూ ఒక రాత్రంతా వెతికాం. తప్పు మాదే. తెలుగు అక్షరాలను ప్రింటర్‌కు సిద్ధం చేసే చిన్న ప్రోగ్రామ్‌ను మేం వేరే ప్రాసెస్‌గా నడిపి, అది ముగిసిందని 'ఎగ్జిట్' ఈవెంట్ రాగానే వచ్చినంత డేటా తీసుకుని ప్రింటర్‌కు పంపేవాళ్లం. 'ఎగ్జిట్' వచ్చేసరికి పైపులో ఇంకా డేటా మిగిలి ఉండొచ్చు, అంతా అయ్యాక వచ్చేది 'క్లోజ్' అని నోడ్ డాక్యుమెంటేషన్‌లోనే ఉంది. మా అదృష్టం కొద్దీ నోడ్ మీద ఆ చివరి ముక్క ఎప్పుడూ ముందే వచ్చేది. కొత్తచోట సమయం కొంచెం మారింది, మా తప్పు బయటపడింది. ఒక్క పదం మార్చాం, సరిపోయింది. ఇప్పుడు రెండుచోట్లా నడుస్తుంది.

ఆ తర్వాత ఎవరైనా 'డ్రాప్ ఇన్ రీప్లేస్‌మెంట్' (ఏమీ మార్చకుండా పాతదాని చోట పెట్టేయొచ్చు) అంటే నేను నవ్వి ఊరుకుంటున్నాను. వాళ్లు అబద్ధం చెప్తున్నారని కాదు. మన కోడ్ దేని మీద ఆనుకుని ఉందో మనకే తెలియదు, వాళ్లకేం తెలుస్తుంది?

నోడ్: ముసలిది కాదు, మెల్లగా కదిలేది

'నోడ్ పాతబడిపోయింది' అనేవాళ్లు చాలామంది నోడ్ 16 దగ్గర ఆగిపోయినవాళ్లు. పోటీ వచ్చాక అది మారిన తీరు చూడండి. 2022 ఏప్రిల్‌లో వచ్చిన 18లో వెబ్ నుంచి డేటా తెచ్చుకునే ఫెచ్ చేరింది, సొంత టెస్ట్ రన్నర్ వచ్చింది. 20లో ఆ టెస్ట్ రన్నర్ స్థిరపడింది, ఫైళ్లకు అనుమతులు పెట్టే పద్ధతి ప్రయోగాత్మకంగా మొదలైంది. సెట్టింగులు రాసుకునే ఎన్విరాన్‌మెంట్ ఫైల్ చదవడానికి విడిగా ప్యాకేజీ అవసరం 20.6తో పోయింది. 22.18 నుంచి టైప్‌స్క్రిప్ట్ (జావాస్క్రిప్ట్‌కు టైప్ రాతలు చేర్చిన భాష) ఫైల్‌ను ఏ ఫ్లాగూ లేకుండా నేరుగా నడపొచ్చు. అయితే అది టైప్ రాతలను చెరిపేసి నడపడమే, తప్పొప్పులు చూడదు. ఈనమ్ వంటివి వాడితే మొరాయిస్తుంది. ఇవి చాలావరకు డీనో, బన్ ముందుగా ఇచ్చినవే. ఆ రెండూ లేకపోతే నోడ్ ఇంత త్వరగా కదిలేది కాదని నా నమ్మకం. బన్ ముట్టని వాళ్లు కూడా బన్ వల్ల బాగుపడ్డారు.

నోడ్‌ను నేను ముందు పెట్టడానికి అసలు కారణం దాని క్యాలెండర్. ఇప్పటిదాకా సరి సంఖ్య వెర్షన్లు ఎల్‌టీఎస్ (ఎక్కువ కాలం సపోర్ట్ అందేవి) అవుతూ వచ్చాయి, ముప్పై నెలలు సెక్యూరిటీ ప్యాచ్‌లు అందాయి. 24 వెర్షన్ 2025 అక్టోబర్‌లో ఎల్‌టీఎస్ అయింది, 2028 ఏప్రిల్ దాకా ఉంటుంది. అడ్తి సేటు మనల్ని రెండేళ్లకోసారే గుర్తుచేసుకుంటాడు. అలాంటి ఖాతాదారుకు ఈ క్యాలెండర్ సరిపోతుంది. పైగా ఏ హోస్టింగ్‌కు పోయినా నోడ్ సిద్ధంగా ఉంటుంది. సర్వర్ పెట్టుకోకుండా కోడ్ నడిపించే అమెజాన్ లాంబ్డాలో నోడ్‌ను ఎంచుకుంటే చాలు, బన్ కావాలంటే మనమే మూట కట్టి తీసుకెళ్లాలి. అమెజాన్ హైదరాబాద్ రీజియన్ (అక్కడి డేటా సెంటర్లు) 2022 నవంబర్ నుంచి ఉంది. వరంగల్ ఖాతాదారులకు ముంబై కంటే అది దగ్గర. రన్‌టైమ్ మార్పు కంటే ఈ రీజియన్ మార్పే మీ పేజీని ముందు తెరిపించవచ్చు.

నోడ్‌లో నచ్చనిది అడిగితే ఎన్‌పీఎం ఇన్‌స్టాల్ అలవాటు. ఏ ప్యాకేజీ అయినా దిగిన వెంటనే తన స్క్రిప్టు నడుపుకోవచ్చు. 2025 సెప్టెంబర్‌లో చాక్, డీబగ్ వంటి అందరూ వాడే ప్యాకేజీల్లోనే దొంగ కోడ్ చేరింది. అదే నెలలో ఒక ప్యాకేజీ నుంచి ఇంకోదానికి పాకే పురుగు కూడా వచ్చింది. ఆ పురుగు ఇన్‌స్టాల్ స్క్రిప్టుల దారిలోనే పాకింది. బన్, డీనో, పీఎన్‌పీఎం 10 ఇలాంటి స్క్రిప్టులను మనం ఒప్పుకుంటే తప్ప నడపనివ్వవు. బన్ మాత్రం బాగా తెలిసిన కొన్ని ప్యాకేజీలకు ముందే మినహాయింపు ఇచ్చి పెట్టింది. మా టీమ్‌లో ఇన్‌స్టాల్ పనిని నోడ్ పెట్టె నుంచి తీసేయడానికి వేగం కంటే ఇదే పెద్ద కారణం.

బన్ గురించి రెండు జాగ్రత్తలు

బన్ వాడితే పనిలో ఒక హుషారు వస్తుంది, కాదనను. టెస్ట్ రన్నర్, ఫైళ్లన్నీ కలిపి కట్టే బండ్లర్, ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేస్ అన్నీ ఒకే డబ్బాలో. మొత్తం ప్రోగ్రామ్‌ను ఒకే ఫైల్‌గా కట్టి ఇవ్వొచ్చు. దుకాణంలో పెట్టే చిన్న పనిముట్లకు అది బాగా కలిసొస్తుంది.

మొదటి జాగ్రత్త: మీరు బన్ మీద నడుపుతున్నామనుకునేది నిజంగా బన్ మీద నడుస్తోందో లేదో చూసుకోండి. 'బన్ రన్ డెవ్' అంటే, ఆ స్క్రిప్టు పిలిచే పనిముట్టు మొదటి వరుసలో 'నన్ను నోడ్‌తో నడపండి' అని రాసి ఉంటే బన్ ఆ మాట మన్నించి నోడ్‌నే పిలుస్తుంది. బన్‌తోనే నడవాలంటే బన్ అనే ఫ్లాగ్ విడిగా ఇవ్వాలి. 'మా ప్రాజెక్టు ఆరు నెలలుగా బన్ మీదే ఉంది' అన్న స్నేహితుడి మెషీన్‌లో చూస్తే అంతా నోడే నడుపుతోంది. పాపం, వేగం బాగా పెరిగిందని కూడా చెప్పాడు.

రెండోది పాత కంప్యూటర్లు. ఇది మన ఊళ్లలో పెద్ద సంగతి. బన్ మామూలు బిల్డ్‌కు ఏవీఎక్స్2 (ప్రాసెసర్‌కు తెలిసిన ఒక రకం ఆదేశాల గుంపు) ఉన్న ప్రాసెసర్ కావాలి. ఇంటెల్‌లో ఇది 2013లో హాస్‌వెల్ తరం చిప్‌లతో వచ్చింది. అంతకు ముందటి చిప్ ఉన్న సెకండ్ హ్యాండ్ డెస్క్‌టాప్ మీద ఆ బిల్డ్ పెడితే 'ఇల్లీగల్ ఇన్‌స్ట్రక్షన్' అని చచ్చిపోతుంది. అలాంటివాటికి బేస్‌లైన్ అనే వేరే బిల్డ్ ఉంది, అది దింపుకోవాలి. విండోస్ అయితే 10లో 1809 వెర్షన్ లేదా ఆ పైన ఉండాలి. నోడ్‌కూ ఇలాంటి గీతలున్నాయి: 14 నుంచి విండోస్ 7కు సపోర్ట్ లేదు, 23 నుంచి 32 బిట్ విండోస్ బిల్డ్ లేదు. దుకాణంలో ఇంకా విండోస్ 7 నడుస్తుంటే అక్కడ ఏ రన్‌టైమ్ పెట్టాలని తలబద్దలు కొట్టుకోవద్దు. సర్వర్ వేరేచోట పెట్టి దుకాణంలో బ్రౌజర్ మాత్రం తెరవండి. అదీ క్రోమ్ 109 దగ్గర ఆగిపోయి ఉంటుందని గుర్తుంచుకుని పేజీలు రాయండి.

ఇక బన్ వెనక డబ్బెవరిదన్న ప్రశ్న. మొదట అది వెంచర్ పెట్టుబడితో నడిచిన చిన్న కంపెనీ. 2025 డిసెంబర్‌లో ఆంత్రోపిక్ దాన్ని కొన్నట్టు ప్రకటించింది, ఓపెన్ సోర్స్‌గానే ఉంటుందని చెప్పారు. డీనోదీ పెట్టుబడిదారుల సొమ్ముతో నడిచే కంపెనీయే. నోడ్ ఒక ఫౌండేషన్ చేతిలో ఉంది. ఇందులో ఏది మేలు అని తేల్చి చెప్పలేం. కానీ బన్ పేరుతోనే మొదలయ్యే సొంత ఏపీఐలను (కోడ్‌లో పిలిచే ఫంక్షన్లను) కోడ్ అంతటా చల్లేముందు ఒకసారి ఆగి ఆలోచించాలి.

డీనో, వర్కర్స్

డీనో గుణం ఒక్క మాటలో చెప్పాలంటే, అడగనిదే తలుపు తీయదు. నెట్‌వర్క్ కావాలంటే ఒక ఫ్లాగ్, ఫైల్ చదవాలంటే ఒకటి. ఫలానా సైట్‌కు మాత్రమే, ఫలానా ఫోల్డర్‌కు మాత్రమే అని కూడా గిరి గీయొచ్చు. మేం ఎక్కడ వాడతామంటే, ఒక్కో దుకాణం ఒక్కో తీరులో పంపే ఎక్సెల్ ఫైళ్లను చదివే స్క్రిప్టుల్లో. ఎక్కడి నుంచో తెచ్చిన ప్యాకేజీ ఆ ఒక్క ఫోల్డర్ దాటదని ధీమా. టైప్ చెక్, కోడ్‌ను తీరుగా సర్దే ఫార్మాటర్, తప్పులు పట్టే లింటర్ అన్నీ దానిలోనే ఉంటాయి కాబట్టి కొత్తగా చేరిన పిల్లలకు సెటప్ చెప్పే బాధ తక్కువ. అన్నింటికీ అనుమతిచ్చే ఫ్లాగ్ పెట్టి వాడేవాళ్లను కూడా చూశాను. తాళం కొని తాళంచెవి గుమ్మానికే వేలాడదీసినట్టు.

క్లౌడ్‌ఫ్లేర్ వర్కర్స్ వేరే జాతి. అక్కడ మీకంటూ ప్రాసెస్ ఉండదు, వీ8 లోపల ఐసోలేట్ అనే చిన్న గది ఉంటుంది, దానికి 128 ఎంబీ. ఉచిత ప్లాన్‌లో రోజుకు లక్ష రిక్వెస్టులు, ఒక్కో రిక్వెస్టుకు 10 మిల్లీ సెకన్ల సీపీయూ సమయం. 'ఈరోజు తేజ రకం మిర్చి ధర ఎంత' అని రైతుకు చూపించే పేజీకి ఇది ఎక్కువే. నోడ్ కంపాటిబిలిటీ ఫ్లాగ్ పెడితే చాలా మాడ్యూల్స్ దొరుకుతాయి, నేటివ్ ప్యాకేజీలు మాత్రం నడవవు. వాళ్ల సొంత డేటాబేస్ వాడటం మొదలుపెడితే బయటికి రావడం కష్టమవుతుంది, అది తెలిసే దిగండి.

మారే వీలుంచుకుని రాయడం

2022లో క్లౌడ్‌ఫ్లేర్, వెర్సెల్, షాపిఫై, డీనో వాళ్లు, కొందరు నోడ్ డెవలపర్లు కలిసి వింటర్‌సీజీ అనే కూటమి పెట్టారు. అన్ని రన్‌టైమ్‌లలోనూ తప్పక ఉండాల్సిన వెబ్ ఏపీఐల జాబితా తయారుచేయడం దాని పని. ఇప్పుడది ఎక్మా అనే ప్రమాణాల సంస్థ కింద టీసీ55 అనే కమిటీ. ఫెచ్, రిక్వెస్ట్, రెస్పాన్స్, యూఆర్ఎల్, స్ట్రీమ్స్, వెబ్ క్రిప్టో వంటివి ఆ జాబితాలో ఉంటాయి. మీ కోడ్ వీలైనంత వీటితోనే ఉంటే రన్‌టైమ్ మార్పు ఒక పూట పని. హోనో అనే ఫ్రేమ్‌వర్క్ దీని మీదే కట్టింది, నోడ్, బన్, డీనో, వర్కర్స్ నాలుగింట్లోనూ నడుస్తుంది. మేం కొత్త పనులన్నీ దానిలోనే చేస్తున్నాం. ఫైళ్లు, డేటాబేస్, ప్రింటర్‌తో మాట్లాడే కోడ్‌ను ఒక్క ఫోల్డర్‌లో కట్టిపడేశాం. ఆ ఫోల్డర్ బయట ఏ రన్‌టైమ్ పేరూ కనిపించకూడదన్నది ఆఫీసు రూలు. రూలు తప్పినవాళ్లు అందరికీ మిర్చి బజ్జీలు తెప్పించాలి. ఇప్పటిదాకా ఎక్కువ తెప్పించింది నేనే.

చదువుకునే పిల్లలు 'అన్నా, ఏది నేర్చుకోవాలి?' అని అడుగుతుంటారు. కాకతీయ యూనివర్సిటీ నుంచి వచ్చినా, మడికొండ ఐటీ పార్కులో ఉద్యోగం కోసం చూస్తున్నా జవాబు ఒకటే: నోడ్. అందులోనూ ఫ్రేమ్‌వర్క్ కంటే ముందు ఈవెంట్ లూప్, స్ట్రీమ్స్, ప్రాసెస్‌లు. పైన చెప్పిన 'ఎగ్జిట్', 'క్లోజ్' తేడా అర్థమైన పిల్లవాడికి బన్ నేర్చుకోవడానికి ఒక సాయంత్రం చాలు.

మీరు మారాలనే అనుకుంటే ముందు నేటివ్ ప్యాకేజీలను వెతకండి. నోడ్ మాడ్యూల్స్ ఫోల్డర్‌లో బైండింగ్ డాట్ జీవైపీ (binding.gyp) ఫైల్ ఉన్నవీ, డాట్ నోడ్‌తో ముగిసే ఫైళ్లు ఉన్నవీ అవే. అవి మూడు నాలుగుకు మించితే సర్వర్‌ను కదిలించకండి. లాక్‌ఫైల్ (ఏ ప్యాకేజీ ఏ వెర్షన్ దిగాలో రాసి ఉంచే ఫైల్) ఒక్కటే ఉంచండి. ఎన్‌పీఎంది ఒకటీ బన్‌ది ఒకటీ పక్కపక్కన పెడితే, ఒకరి మెషీన్‌లో నడిచేది ఇంకొకరి దగ్గర ఎందుకు నడవట్లేదో తెలియక ఒక వారం పోతుంది. టెస్టులను కొన్నాళ్లు రెండు రన్‌టైమ్‌ల మీదా నడపండి. నిజమైన ఖాతాదారు దగ్గర పెట్టేటప్పుడు ఒక్కరి దగ్గరే, అదీ నోరు మంచి సేటు దగ్గర పెట్టండి.

ఎప్పుడన్నది కూడా ముఖ్యమే. అక్టోబర్ నుంచి పత్తి, సంక్రాంతి దాటాక మిర్చి, ఏప్రిల్ దాకా మార్కెట్ ఊపిరి తీసుకోదు. ఆ నెలల్లో మేం ఇప్పుడు సెక్యూరిటీ ప్యాచ్ తప్ప ఏదీ ముట్టుకోం. వానాకాలంలో యార్డు ఖాళీగా ఉన్నప్పుడు మాత్రం చిన్నవాడికి ఒక పాత డెస్క్‌టాప్ ఇచ్చి, బన్ మీద పాత సీజన్ తక్‌పట్టీలన్నీ మళ్లీ తీసి నోడ్ తీసినవాటితో పోల్చమంటాం. ఈసారి అతను అడిగిన మొదటి ప్రశ్న వేగం గురించి కాదు: "అన్నా, ఈ డబ్బాల ఏవీఎక్స్2 ఉన్నదా లేదా?"